హారం పక్కన తుపాకీ

మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే పెద్దమనిషిని స్వోర్డ్స్ అనే ఈ పరాయిదేశపు ఊళ్ళో తెలుగువాళ్ళందరూ అన్నయ్యగారనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. శాండీఫోర్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. స్నానాలగదిలో సాలీడు కనబడితే భార్యను కేకేసే మనిషి.

మా వైపు ఒక ఇండియన్ ఇంట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకుపోయారు. అంతే, ఈయనలో సైన్యాధిపతి నిద్ర లేచాడు. ఇంటి రక్షణ కోసమంటే ఈ దేశంలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, తుపాకీ లైసెన్సు ఇవ్వరు. అందుకని గాల్లోకి ఎగరేసిన మట్టి పళ్ళేలను కాల్చే క్లబ్బులో చేరి, ఆట కోసమని చెప్పి తెచ్చుకున్నాడు. మాతో మాత్రం దొంగల కోసమనే చెప్పేవాడు. క్లబ్బులో ఎన్ని పళ్ళేలు పగిలాయో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడిగి ఇబ్బంది పెట్టలేదు.

ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచి, బిర్యానీ కంటే ముందు పడకగదిలో గోడకు బిగించిన ఇనప్పెట్టె చూపించాడు. బట్టల అల్మరా వెనక నిలువుగా ఉంది.

"తాళంచెవి ఎక్కడుందో నాకూ మీ వదినకూ తప్ప ఆ దేవుడికి కూడా తెలీదు చెల్లెమ్మా. తుపాకీ ఎప్పుడూ ఖాళీయే. తూటాలు వేరే చోట. పిల్లలున్న ఇల్లు కదా!" అన్నాడు.

అంతసేపూ ఆయన ఏడేళ్ళ కూతురు, నా ఆరేళ్ళ కూతురు మా కాళ్ళ దగ్గరే నిలబడి వింటున్నారు. పిల్లలకు చెవులుండవని ఆయన నమ్మకం.

శ్రావణమాసంలో వదిన వరలక్ష్మీ వ్రతానికి పిలిచింది. హాల్లో ఆడవాళ్ళం కిక్కిరిసి కూర్చున్నాం. కలశానికి చీర కట్టడం అయింది, పూలు పెట్టడం అయింది. తీరా చూస్తే అమ్మవారి మెడ బోసిగా ఉంది. వదిన చేతుల నిండా పసుపు, అక్షింతలు. పీట మీంచి లేవకుండానే కూతుర్ని పిలిచింది.

"అమ్ములూ, పైనుంచి హారం తే తల్లీ."

ఆ పిల్ల పూజ అరలో వెంకటేశ్వరస్వామి పటం వెనక చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది. నా కూతురు దాని వెనకే మెట్లెక్కింది. నగల బీరువా తాళమనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. కాసేపటికి ఇద్దరూ హారాన్ని చెరో కొసా పట్టుకుని పల్లకీలా మోసుకొచ్చారు. "ఎంత బుద్ధిమంతురాలో!" అని ఆడవాళ్ళందరూ మురిసిపోయారు.

ఇంటికొచ్చి తాంబూలం సంచీ బల్ల మీద బోర్లించాను. తమలపాకులు, అరటిపండు, రవికెగుడ్డ, శనగలు. వాటి మధ్యలోంచి ఎర్రటి తూటా ఒకటి దొర్లి నేల మీద పడింది. అడుగున ఇత్తడి, బరువుగా ఉంది.

"ఇది ఎక్కడిదే?"

"షి గేవ్ ఇట్ టు మీ," అంది నా కూతురు. "దేర్ ఆర్ లోడ్స్ ఇన్ హర్ డాడ్స్ ప్రెస్. అండర్ ద గోల్డ్, బిసైడ్ ద గన్." ప్రెస్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో బీరువా. నా మొహం చూసి, "ఇట్స్ గ్రాండ్, అమ్మా," అని ధైర్యం కూడా చెప్పింది.

అప్పుడు అర్థమైంది ఆ ఇంటి ఏర్పాటు. దొంగల భయంతో తుపాకీ కొన్నారు. ఇంట్లో అంత గట్టి పెట్టె ఇంకోటి లేదు కాబట్టి నగలూ అందులోనే పెట్టారు. ప్రతి పుట్టినరోజుకీ నోముకీ నగలు కావాలి కాబట్టి తాళంచెవి దేవుడి వెనక్కి చేరింది. ఇంత తెలివి తెలివితక్కువవాళ్ళకు పుట్టదు.

వెంటనే అన్నయ్యగారికి ఫోన్ చేశాను.

"ఓసి పిచ్చి చెల్లెమ్మా, దీనికింత రాద్ధాంతమా? తూటా ఉత్తినే చేతిలో పేలుతుందా? తుపాకీ ఖాళీ అని ఆవేళే చెప్పాను కదా!"

"తాళంచెవి సంగతి పాపకెలా తెలుసు అన్నయ్యగారూ?"

"చూసి పెట్టుకుంది. మహా చురుకు మా అమ్మాయి," అన్నాడు, మార్కులు చెప్పుకున్నంత సంబరంగా.

ఫోన్ పెట్టేసి, తూటాను పచ్చడి డబ్బాలో పెట్టి మూత బిగించి, తిన్నగా గార్డుల దగ్గరకు పోయాను. ఆ సాయంత్రమే వాళ్ళు వెళ్ళి తుపాకీ పట్టుకుపోయారు.

ఇక మనవాళ్ళ సంగతి చెప్పాలా? "మనలో మనం మాట్లాడుకుంటే పోయేదానికి గార్డుల దాకా వెళ్ళాలా?" అని వాట్సాప్ గ్రూపులో నాకు నీతులు చెప్పారు. చెప్పినవాళ్ళలో సగంమంది పిల్లలు ఆ ఇంట్లో ఆడుకునేవాళ్ళే. దసరా బొమ్మల కొలువుకు నన్నెవరూ పిలవలేదు. వెళ్ళని పేరంటానికి నేను ఏడవలేదు. కానీ వదిన కూడా మొహం తిప్పుకుని పోతుంటే మాత్రం బాధ వేసేది.

ఒక మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర ఆవిడే వచ్చి నా పక్కన నిలబడింది. పిల్లలు ఇంకా బయటకు రాలేదు. సన్నగా వాన పడుతోంది. దెబ్బలాటకే వచ్చిందనుకుని నేనూ సిద్ధంగానే ఉన్నాను.

"ఆ రోజు గార్డు తుపాకీని మధ్యకి మడిచి గొట్టాల్లోకి చూశాడు వదినా," అంది నావైపు చూడకుండా. "లోపల తూటాలున్నాయి. దొంగొస్తే నింపుకునే టైముండదని ఈయన ఎప్పుడూ అలాగే పెట్టేవారంట. నాక్కూడా చెప్పలేదు."

గంట మోగింది. తలుపులు తెరుచుకుని పిల్లలు అరుచుకుంటూ బయటకొచ్చారు. వాళ్ళలో కూతుర్ని వెతుక్కుంటూ వదిన నా చెయ్యి పట్టుకుంది.

"హారం ఆ తుపాకీకే తగిలించేవాళ్ళం వదినా. ప్రతి పండక్కీ పిల్లనే పంపేదాన్ని."