చెయ్యెత్తిన డిఫెండర్

నిన్న ఉదయం ఇక్కడ క్లాంగ్ పట్టణంలో మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తుంటే, ఎవరో మోకాలికి నొప్పి నూనె రాసుకున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే డిర్క్ గుర్తొచ్చాడు. ఆయన పక్కన నిలబడితే వచ్చే వాసన అది.

డిర్క్ జర్మనీవాడు, డిఫెండర్. అక్కడ మూడో డివిజన్‌లో, నాలుగో డివిజన్‌లో పదిహేనేళ్లు ఒళ్లు హూనం చేసుకున్నాడు. ఒక్క పత్రికా ఆయన పేరు వేసిన పాపాన పోలేదు. ముప్పయ్యారో ఏట, నేను అప్పట్లో ఆడుతున్న క్లబ్బుకు వచ్చాడు. నాకప్పుడు ఇరవై, ఆయన పక్కనే నా స్థానం. బంతి మా వెనక్కి పడితే చాలు, అవతలివాడు ముందే మమ్మల్ని దాటి నిలబడ్డాడు, ఆఫ్‌సైడ్ అంటూ నేను చెయ్యెత్తి నిలబడిపోయేవాణ్ని. చిన్నప్పుడు ఆడిన మా తోటల ఎస్టేటు మైదానంలో జెండా పట్టే లైన్స్‌మన్ ఎక్కడ? ఎవరు ముందు చెయ్యెత్తి గట్టిగా అరిస్తే వాళ్లదే న్యాయం. ఆ అలవాటు చావలేదు.

"చెయ్యి దించు, ముందు పరుగెత్తు," అనేవాడు తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో. ఒకరోజు రెండు చేతులకూ నిండు నీళ్ల సీసాలిచ్చి ఆడించాడు. నవ్వాను గానీ బుర్రకెక్కలేదు.

ఆ ఏడాది ఆఖరి మ్యాచ్‌లో ఓడకపోతే ఆయన్ని మరో ఏడాది ఉంచుకుంటామన్నారు. "ఇంకొక్క ఏడాది ఆడి బూట్లు విప్పేస్తా," అన్నాడు. ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా నేను మళ్లీ చెయ్యెత్తాను. జెండా లేవలేదు. నేను కాయాల్సినవాడు గోల్ వైపు దూసుకుపోతుంటే, డిర్క్ ఆ పాడు మోకాలితోనే పరుగెత్తి వాడి కాళ్లకు అడ్డం పడ్డాడు. రెడ్ కార్డు, పెనాల్టీ, ఓటమి.

"ఎవరిది తప్పు?" అని బట్టలు మార్చుకునే గదిలో మేనేజర్ గద్దించాడు.

"నాదే," అన్నాడు డిర్క్. నేను తల వంచుకుని లేసులు విప్పుకుంటూ కూర్చున్నాను. ఛీ, సిగ్గుమాలినవాణ్ని.

ఇంట్లో చెబితే అమ్మ కయ్యిమంది. "ఏటిరా, నోరు పడిపోనాదా? ఆ మడిసి పొట్ట కొట్టేసినావు గదరా! ఎల్లి నిజం సెప్పేయ్ లా!" మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే 'లా' అమ్మకూ అంటుకుంది.

మర్నాడు ఆయన ఉండే గదికి వెళ్లేసరికి డిర్క్ పెట్టె సర్దుకుంటున్నాడు. క్లబ్బువాళ్లు పొద్దున్నే వద్దనేశారట.

"మేనేజర్‌తో చెప్పేస్తాను," అన్నాను.

మంచం మీద కూలబడ్డాడు. "నిన్న ఆ గదిలో నువ్వు నోరు విప్పుతావేమోనని చాలాసేపు చూశాను," అన్నాడు. కోపం లేదు, ఉన్నదల్లా అలుపే.

మేనేజర్ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. డిర్క్ లేని ఆ జట్టులో ఆరేళ్లు ఆడాను. ఓడిన ప్రతిసారీ "నాదే తప్పు" అని మొదట లేచేది నేనే. నావి కానివి కూడా ఎన్నో ఒప్పుకున్నాను. నాదైన ఆ ఒక్కటి మాత్రం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.