స్క్రూ మీద సగం చుక్క

రేడియోలు వినేవాళ్లు కరువైనా ఆయన్ని రేడియో మామయ్య అనడం ఎవరూ మానలేదు. చెల్లెలి కొడుకు మొదలుపెట్టిన పిలుపు, వీధి వీధంతా పట్టుకుంది. ఏ పెట్టె బాగుచేసినా స్క్రూ బిగించాక దాని మీద ఎర్రరంగు చుక్క పెడతాడు, సగం స్క్రూ మీద, సగం పెట్టె మీద. ఎవరైనా విప్పితే చుక్క పగిలిపోయి గుట్టు బయటపడుతుంది. ఆ కిటుకు ఆయన ఒక్క మేనల్లుడికే చెప్పాడు. తండ్రి లేనివాడని కొట్లో పక్కనే కూర్చోబెట్టుకుని, చేయి పట్టుకుని మరీ నేర్పాడు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, సొంతంగా కంప్యూటర్ల దుకాణం ఉంది.

వీధి చివరి గ్రంథాలయంలో మధ్యాహ్నమైతే కరెంటు ఉండదు, బ్యాటరీయే దిక్కు. పెద్ద కంప్యూటర్లు పెడితే అది గంటలో చేతులెత్తేస్తుంది. అరచేతిలో పట్టే చిన్నవి చాలని మామయ్య కమిటీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, మూడు తెప్పించాడు. కంప్యూటర్ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఎన్నో రకాలున్నాయి, ఆ పిట్ట ప్రాణాలకు ఏది సరిపోతుందో తేల్చే పనీ ఆయన నెత్తినే పడింది.

నెల్లాళ్లు గోడ గడియారం ముందేసుకుని కూర్చున్నాడు. హంగులున్న లినక్స్ వేస్తే మౌసు కదిపి టీ తాగి రావచ్చు. రెండోది చురుగ్గానే లేచింది గానీ తెలుగు అక్షరాల చోట ఖాళీ గళ్లు చూపించింది. మూడోది వైఫైని గుర్తే పట్టలేదు. నాలుగోదానికి నీడల్లేవు, మెరుపుల్లేవు. తెర కింద ఒక పట్టీ, నాలుగు బొమ్మలు, అంతే. స్విచ్ వేశాక ఇరవై రెండు సెకన్లకు పుస్తకాల జాబితా కళ్లముందుంది. దాన్నే మూడు మెమరీ కార్డుల్లోకి ఎక్కించి, కార్డులు పెట్టెల్లో అమర్చి, మూసి చుక్కలు పెట్టాడు. అదే ఎక్కించిన నాలుగో కార్డు జేబులో వేసుకున్నాడు, రిపేరువాడి అలవాటు.

"వైర్లు సర్ది వస్తాను, గ్రంథాలయం తాళం ఇవ్వండి మామయ్యా," అని కమిటీ చూడ్డానికి వచ్చే ముందురోజు మేనల్లుడు అడిగితే, వీడికి నా మీద ఎంత ప్రేమ అని మురిసిపోతూ ఇచ్చాడు.

తెల్లారి కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు రిటైరైన హెడ్మిస్ట్రెస్, మాట తేల్చి చెప్పే మనిషి. "ఇవాళ పనిచేస్తే ఉంచుతాం. లేకపోతే వెనక్కి పంపి పెద్దవి కొంటాం."

మామయ్య స్విచ్ వేశాడు. నిమిషం గడిచింది, రెండో నిమిషమూ గడిచింది. చివరికి తెర నిండా మెరుపులతో హంగుల లినక్స్ లేచి, బాణం గుర్తు అక్కడే బిగుసుకుపోయింది.

"మామయ్యకి పెద్దతనం వచ్చింది కదండీ," అన్నాడు మేనల్లుడు ఎంతో మృదువుగా. "పెద్దవి నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి."

మామయ్య వంగి పెట్టెలు చూశాడు. చుక్కలు పగల్లేదు. సగం స్క్రూ మీద, సగం పెట్టె మీద, కుదురుగా ఉన్నాయి. కానీ ఆయన సీసాలో రంగు అడుగంటి వెలిసిపోయింది, ఆయన పెట్టిన చుక్కలు మసకగా ఉండాలి. ఇవి నిగనిగలాడుతున్నాయి, వేలికి అంటుతున్నాయి. పరాయివాడైతే పగలగొట్టి వదిలేసి పోయేవాడు. ఇంత పొందికగా మళ్లీ పెట్టగల చెయ్యి ఈ ఊళ్లో ఇంకొక్కటే ఉంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మామయ్య పట్టాడు. పట్టకపోయినా బాగుండేదనుకున్నాడు.

ఒక పెట్టె విప్పి, తన జేబులోని కార్డు తీసి అందులో పెట్టాడు. ఇరవై రెండు సెకన్లలో జాబితా వచ్చింది.

"మరి ఇందాక ఏమైంది?" అంది అధ్యక్షురాలు.

"కార్డు మారిపోయిందమ్మా," అన్నాడు. ఎవరు మార్చారో ఆయన చెప్పలేదు, ఆవిడా అడగలేదు. చిన్నవే ఉంచుదామని రాసుకుని కమిటీ వెళ్లిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. "ఒక్క ఆర్డరే కదా మామయ్యా," అన్నాడు మేనల్లుడు నేల చూస్తూ. "మీకు ఈ వయసులో పేరెందుకు?"

"ఆర్డరు కావాలని అడిగుంటే నేనే తప్పుకునేవాణ్ణిరా. నలుగురిలో నన్ను చేతకానివాణ్ణి చేశావు. అదీ నేను నేర్పిన చేత్తో."

మిగతా రెండింటిలోనూ సరైన లినక్స్ ఎక్కించి, ఒక్కొక్క స్క్రూ బిగించాడు. చిన్నప్పటి అలవాటు కొద్దీ మేనల్లుడు ఎర్రరంగు సీసా మూత తీసి అందించాడు.

"వద్దులే," అన్నాడు మామయ్య. "అది పరాయివాళ్ల కోసం పెట్టేది."