జెల్ల నోట్లోని గుడ్లు

నా చిన్నప్పుడు, అరవయ్యో దశకం చివర్లో, భావనపాడులో మా మావ ఆడిన ఒక అబద్ధాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. వలలో జెల్ల చేప పడితే ముందు దాని ముళ్లు విరిచేవాడు. ఆ ముల్లు దిగితే చెయ్యి వాచి రాత్రంతా సలుపుతుంది.

ఒకరోజు పొద్దున్నే పెద్ద జెల్ల పడింది. నోరు బిగించుకునే ఉంది. మావ తోక పట్టుకుని తలకిందులుగా విదిలించాడు. దాని నోట్లోంచి గోళీలంత పసుపుపచ్చ గుడ్లు ఇసుకలో రాలాయి. లోపల నల్లటి కళ్లు కనబడుతున్నాయి. వాటిని వండొద్దని నేను ఏడుపు లంకించుకున్నాను.

"ఊరుకోరా! కుండలో సముద్రం నీళ్లు పోసి ఎయ్యి. పిల్లలవుతాయి. అన్నీ నీవే," అన్నాడు మావ.

"ఒట్టేనా మావా?"

"నీకాడ అబద్దమాడతానేటిరా?"

నమ్మాను. మూడు రోజులు పొద్దున, సాయంత్రం సముద్రం నీళ్లు మోసి మార్చాను. పిల్లి రాకుండా కుండ పక్కనే పడుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం అత్త జెల్ల పులుసు పెడితే, నా చేపపిల్లల సంగతి చెప్పుకుంటూ రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాను.

నాలుగో రోజు కుండ కంపు కొట్టింది. గుడ్లు తెల్లబడి చితికిపోయాయి. ఒడ్డున నలుగురితో వల బాగుచేసుకుంటున్న మావ దగ్గరికి పరిగెత్తాను.

"తండ్రి నోట్లో ఉంటేనే ఆ గుడ్డు బతుకుతాదిరా," అన్నాడు నవ్వుతూ. "పిల్లలు ఈదుకెళ్లేదాకా అది మేత కూడా ముట్టదు."

"మరి తండ్రేదీ?"

"మొన్న లొట్టలేసుకుని తిన్నావు కదేటి!"

అందరూ విరగబడి నవ్వారు. నేను కుండ దగ్గరికి వెళ్లి వాంతి చేసుకున్నాను.

బడిలో కన్నా పాత పుస్తకాల్లోనే ఎక్కువ చదువుకున్నవాణ్ణి. మగ జెల్ల వారాల తరబడి పస్తుండి గుడ్లు మోస్తుందని తర్వాత వాటిల్లోనూ చదివాను. మా మావకు తెలియనిదేమీ ఆ పుస్తకాల్లో లేదు. నా మంటంతా అక్కడే. తెలియక చెబితే పోనీ అనుకునేవాణ్ణి. ఒక పూట ఏడుపు తప్పించుకోవడానికి, తెలిసి తెలిసి చచ్చిన గుడ్లకు నన్ను కాపలా పెట్టాడు.

ఆ తర్వాత జెల్ల ముట్టలేదు. ఇప్పుడు మనవలు గూట్లోంచి పడ్డ పిచ్చుకపిల్లను దోసిట్లో పెట్టుకొచ్చి, బతుకుతుందా తాతా అని అడుగుతారు. బతకదని తెలిస్తే బతకదనే చెబుతాను. ఏడుస్తారు. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చుంటాను. ఆ రోజు మావ చెయ్యాల్సిందీ అంతే.