పలక లేని చట్రం

సోమవారం పొద్దున నంద్యాల బస్సు కండక్టరు ఆళ్లగడ్డలో మా బడి ముందు దిగి, గేటు దగ్గరే నిలబడి చెప్పాడు. "టీచరమ్మా, మీ డ్రాయింగు అయ్యవారు నిన్న పోయినాడంట. సాయంత్రమే ఎత్తేసినారంట." నాకు ముందే కబురు చేయడానికి వాళ్లకు దారి లేదు. ఇక నేను పరుగెత్తి వెళ్లి చూసేదీ లేదు. మూడో తరగతి పిల్లల ఎక్కాలు సగంలో ఉంటే పూర్తి చేయించి, తర్వాత గోడవారగా కూర్చుని ఏడ్చాను.

ఆయన నంద్యాల హైస్కూలులో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గర మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే పాత కెమెరా ఒకటి ఉండేది. మా వైపు ఫోటో అంటే పెళ్లికి తీస్తారు, లేదా ముసలివాళ్లు పోయేలోపల గుర్తుకు తీస్తారు. ఈయన కొండలు, చేలు, వంకలు తీసేవారు. తన పాటికి తాను తీసుకుంటే జనం పిచ్చి అనుకుని ఊరుకునేవారు. కనపడ్డవాళ్లందరికీ నేర్పుతాననడమే ఆయనతో వచ్చిన చిక్కు. చివరికి ముగ్గురం దొరికాం: ఒక దర్జీ, పత్తి జిన్నింగు మిల్లు గుమాస్తా, నేను. ముగ్గురిలో ఎవరికీ కెమెరా లేదు, కొనే తాహతూ లేదు.

నేను దొరికింది బస్సులో. యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. శిరివెళ్ల దాటగానే బస్సుకు ఆయాసం వచ్చేది. డ్రైవరు దిగి వెనకున్న బొగ్గు పొయ్యిని ఎగదోస్తుంటే మేమంతా రోడ్డు పక్కన నిలబడేవాళ్లం. ఒక సాయంత్రం అట్లా నిలబడి ఉండగా, ఆయన గుడ్డసంచిలోంచి ఒక పలక చట్రం తీశారు. పలక ఎప్పుడో పగిలిపోయింది. నాలుగు కొయ్య బద్దలు, మధ్యలో ఏమీ లేదు.

"అమ్మా, దీంట్లోంచి ఆ కొండ చూడు" అన్నారు, ముక్కూ మొగం తెలియని నాతో.

పలకలతోనే బతికేదాన్ని, ఇదేం వింత అనుకుంటూ చూశాను. రోజూ చూసే నల్లమలే. చట్రంలో పెట్టేసరికి దానికి ఒక మొదలు, ఒక చివర వచ్చాయి. ఎంత కొండ ఉంచాలో, ఎంత చేను ఉంచాలో తేల్చుకోలేక చేతులు అటూ ఇటూ జరిపాను. పక్కనున్న రైతుకు నవ్వొచ్చింది.

"కొండకు ఫోటో ఎందుకు అయ్యవారూ? అదేమన్నా చచ్చిపోతాదా?"

"అది చావదు లేప్పా. మనమే పోతాం. నువ్వూ చూడు."

రైతు నవ్వుతూనే చట్రం పట్టుకున్నాడు. కాసేపటికి నవ్వు ఆగింది. రెండడుగులు కుడికి జరిగాడు. "ఈడ నిలబడితే మా జొన్నచేను మూలకు వస్తాండాది" అన్నాడు.

"ఫోటో తీసినట్టేప్పా నువ్వు. మిగిలిందంతా మందులతో కడిగే పని, అది ఎవురైనా చేస్తారు" అన్నారు అయ్యవారు. ఆ మాట విన్నాకే నేను ఆయన ఇల్లు ఎక్కడో అడిగాను.

నెలకొక శనివారం నంద్యాల వెళ్లేదాన్ని. నాలుగు నెలలు కెమెరా ముట్టనివ్వలేదు, చట్రమే. "దుడ్లున్నోళ్లకు కెమెరా ఉంటాది, కండ్లు అందరికీ ఉండాయి గదా" అనేవారు. కొండ ముందు తొందరపడితే "అది యాడికీ పోదు, నువ్వు నిలబడు" అనేవారు. మామూలుగా ఆయన ముక్కోపి. పాలవాడితో, పోస్టుమేనుతో రోజూ తగవే. నేర్పేటప్పుడు మాత్రం ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుగు లేదు. స్టూడియోవాళ్లు తమ పని గుట్టుగా ఉంచుకుంటారని గుమాస్తా ఒకసారి అంటే, "దాచేదానికి ఇదేమన్నా లంకెబిందెనా?" అని మండిపడ్డారు. మీ ఇంట్లో పలక పగిలితే చట్రం పొయ్యిలో పెట్టకండి. ఆయన తరఫున ఈ ఒక్క మాట చెప్పాలి నేను.

ఆయన చూపుడు వేలికి ఎప్పుడూ సున్నం ఉండేది. తమలపాకుకు రాయగా మిగిలింది ఎక్కడ పడితే అక్కడ తుడిచేవారు: చట్రం మూలలకు, కెమెరా స్టాండుకు, నా నోటుపుస్తకం అట్టకు. "మాకు ఇల్లు సున్నం కొట్టే పని లేదమ్మా, ఈ మనిషే కొడతాడు" అనేవారు ఆయన భార్య. ఆమెను మేం అమ్మగారు అనేవాళ్లం.

అయిదో నెల ఆయన చెక్క హోల్డరులో బొమ్మ పడే గాజు ప్లేటు ఒకటి పెట్టి నాకిచ్చారు. శిరివెళ్ల దాటాక ఆ బస్సు ఆగే చోటే కెమెరా నిలబెట్టి, కొండ తీశాను. ఆయన డ్రైవరుతో మాట్లాడటానికి అటు వెళ్లారు. బొమ్మ పడిందో లేదో అని నాకు ప్రాణం ఆగలేదు. హోల్డరు తెరిచి చూశాను.

చీకటి గదిలో కడిగితే, వెలుతురు తగిలిన ప్లేటు మొత్తం మసి. ఏం చేశానో చెప్పాను.

"అన్నం ఉడికిందా అని మూత తీసినావు. అన్నమైతే మళ్లీ మూత పెట్టొచ్చు" అని నవ్వారు. "ఏడ్వొద్దు. నేనూ మొట్టమొదట అదే పని చేసిన."

వాకిట్లో అమ్మగారు మెల్లగా అన్నారు: "అదే ఆఖరుదమ్మా. యాడా దొరకడం లేదు. వానలు పడినాక ఆ కొండ తీయల్లని మూడేండ్లుగా దాచిపెట్టుకోనుండె."

వెనక్కి వెళ్లి "ఎందుకిచ్చారు అయ్యవారూ?" అని గట్టిగానే అడిగాను.

"నేనెట్ల తీస్తానో నాకు తెలుసు. నువ్వెట్ల తీస్తావో చూడల్లనుకున్న" అన్నారు.

యుద్ధం అయిపోయింది. ప్లేట్లు మళ్లీ వచ్చేసరికి ఆయన కళ్లకు పొరలు కమ్మాయి. కర్నూలులో ఆపరేషన్ చేయించినా చూపు రాలేదు. కెమెరా మా ముగ్గురికీ ఇచ్చేశారు. "ఒకరి దగ్గరే పెట్టుకున్నారంటే వచ్చి గుంజుకుంటా" అన్నారు. ఆయన కొండ ఆయనకు దక్కలేదు. దక్కకుండా చేసింది నేను. ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు కాబట్టి అది నాలోనే ఉండిపోయింది.

ఈ ఏడు వానలు వెనకబట్టాక, నాలుగు సాయంత్రాలు అదే చోట నిలబడ్డాను. నాలుగో రోజు కొండ మీద ఎండ నిలిచింది. తీశాను. హోల్డరును పైటకొంగులో చుట్టుకుని, దర్జీ ఇంటి చీకటి గది చేరేదాకా దాని వైపు చూడలేదు. ఫోటోను నల్లటి అట్టకు అంటించి పట్టుకెళ్లాను.

నేను వెళ్లేసరికి అయ్యవారు మంచం మీద కూర్చుని ఆకు వేసుకుంటున్నారు. అట్ట చేతిలో పెట్టాను. తిరగేసి పట్టుకున్నారు, నల్లటి వీపు ఆయన వైపు, ఫోటో నా వైపు. చెబుదామని నోరు తెరిచాను, చెప్పలేకపోయాను.

"చెప్పు, ఏముండాది?"

"ఎడమ పక్క సన్నగా మొదలైంది. మధ్యలో రెండు గూనులు. కుడి పక్కకు వాలిపోయింది. కింద జొన్నచేను."

నేను చెబుతుంటే ఆయన వేలు అట్ట మీద నడిచింది. కుడి చివరిదాకా పోయి, మళ్లీ ఎడమకు వచ్చి ఆగింది.

"ఈ పక్క ఇంకొంచెం పెట్టాల్సిండె. కొండ ఆడ తెగిపోలేదు. నాకు తెల్దా?"

నిజమే. "ఆడ తంతి స్తంభం అడ్డం ఉంది అయ్యవారూ" అన్నాను, కాస్త రోషంగానే.

"ఉండనీ. అదీ ఆడిదే గదా."

అదే మా ఆఖరి పాఠం. ఆయన పోయిన పదకొండో రోజు వెళ్తే అమ్మగారు గూట్లోంచి అట్ట తీసి ఇచ్చారు. "నీదే గదమ్మా, తీస్కపో. రోజూ పట్టుకోని కూర్చుంటాండె."

బస్సులో కూర్చున్నాక తిరగేసి చూశాను. నల్లటి అట్ట మీద సున్నం ఎండి తెల్లగా ఒక గీత నిలిచి ఉంది. మధ్యలో రెండు గూనులు, కుడి పక్క వాలు. ఎడమ చివర మాత్రం గీత ఆగలేదు. అట్ట అంచు మీదుగా దిగి బయటికి పోయింది.