ఉద్వాసన చెప్పిన బొమ్మలు

ఈ పొద్దున దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి లాప్‌టాప్ తెరిస్తే, లోపల చోటు లేదని చెప్పే ఎర్ర గీత మళ్లీ కనిపించింది. నా వయసు వాళ్లు చాలామంది అది చూడగానే ఇంట్లో ఎవరినో ఒకరిని కేకేస్తారు. నేను పిలవను. ఆ గీతతో నాకు కరోనా కాలం నుంచి పరిచయం. దాని కోసమే ఒకసారి మా భజన మండలి మొత్తంతో తగవు పెట్టుకున్నాను, ఆ తగవులో తప్పు నాదని ఈ రోజుకీ ఒప్పుకోను.

సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర మాది మగ్గాల వాళ్ల వాడ. తెలంగాణ నుంచి పనికోసం వచ్చి స్థిరపడ్డ మా ఇళ్లన్నిటికీ శనివారం సాయంత్రమంటే మండలిలో పారాయణమే. పురాణం చదివి అర్థం చెప్పేది మా బావగారు, అంటే మావారి అన్నగారు. వారమంతా పవర్‌లూమ్‌ల చప్పుడులో గడిపే మనిషికి అంత మెత్తని గొంతు ఎలా మిగిలిందో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నాకు నేర్పింది కూడా ఆయనే. లాక్‌డౌన్‌లో మండలి తలుపులు మూసినప్పుడు, పారాయణం మాత్రం ఆగకూడదని, ఆయన పై అంతస్తు నుంచి మా ఇంటికి దిగివచ్చి, నా దగ్గర ఉంచిన మండలి లాప్‌టాప్ ముందు కూర్చుని చదివేవారు, అందరూ ఫోన్లలో వినేవారు. ప్రతి వారం చదివింది నేను అందులోనే దాచేదాన్ని.

ఏడాది తిరిగేసరికి, రెండో విడతలో, ఆయన్ని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు, చూడటానికి ఎవరినీ రానివ్వలేదు. ఆయన మొదలుపెట్టిన పురాణంలో చివరి భాగం ఒక్కటి మిగిలిపోయింది. దాన్ని నన్ను చదవమని, పారాయణం వేళకు తనకు మెలకువ ఉంటుందో లేదో గనక రికార్డు చేసి పంపమని నర్సు ఫోన్లోంచి కబురు చేశారు. ఆ శనివారం మధ్యాహ్నం ఒకసారి సరిచూసుకుందామని లాప్‌టాప్ తెరిస్తే ఇదే ఎర్ర గీత. రికార్డింగు మొదలైనట్టే మొదలై ఆగిపోయింది.

దేనితో నిండిందా అని వెతికితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లాక్‌డౌన్‌కు ముందు ఏళ్ల తరబడి మా వాళ్లు, ఫోను నిండినప్పుడల్లా, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే దేవుడి బొమ్మలను తీసేయడానికి చేతులు రాక, అన్నీ తెచ్చి మండలి లాప్‌టాప్‌లోకి ఎక్కించి పోయేవారు, పగిలిన పటాలను గుడి అరుగు మీద వదిలి వచ్చినట్టు. అదే గణపతి, అదే శుభోదయం, ఒకే హారతి వీడియో ఇరవై ఫోన్ల నుంచి ఇరవై సార్లు.

ఇవన్నీ తీసేస్తున్నానని గ్రూపు కాల్‌లో చెప్పగానే, మండలి పనులు చూసే మా మరిది ఇంతెత్తున లేచాడు.

"దేవుని బొమ్మలు చెత్తబుట్టల ఏస్తవా, వదినె? కళ్లు పోతయ్! గంత చోటు కావాల్నంటె పాత పారాయణాలు తీసెయ్ రాదు, అయి అయిపోయినయ్ గదా."

"పోయినేడు తాపీ నది కాడికి పోనియ్యకపోతె గణపతిని బకెట్ల ముంచినవ్ గదా, మరి నీ కళ్లు మంచిగనే ఉన్నయేంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మరిదికి కోపం రెట్టింపైంది. పెద్దవాళ్లు ఇద్దరు అది పాపమేనని తేల్చారు. నేను తగ్గలేదు. పూజకు ముందు ఆవాహన చేసి, పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి స్వామిని సాగనంపడం మన పెద్దలు పెట్టిన పద్ధతే కదా. ఆయన వెళ్లిపోయాక మిగిలిన మట్టిని నీళ్లలో కలుపుతాం. మట్టికి ఉన్న న్యాయం తెర మీది బొమ్మకు ఎందుకు ఉండదని అడిగాను. భయపడి దాచుకోవడాన్ని భక్తి అని బావగారు ఏనాడూ చెప్పలేదని కూడా అన్నాను. జవాబు రాకముందే కాల్ పెట్టేశాను, అది మాత్రం కొంచెం దురుసే.

అయినా తొందరపడలేదు. మా మామగారి రోజుల్లో చీర అంచు డిజైన్‌కు చిల్లులు కొట్టిన అట్టలుండేవి. అవి అరిగితే కొత్తవి కొట్టించేవారు గాని, కొత్త అట్టల మీద గజం బట్ట నేసి అంచు సరిగా పడిందని చూసేదాకా పాతవాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అందుకని, నా చేయి జారినా పోకుండా, ముందు బావగారి పారాయణాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కటీ అందులోంచే తెరిచి మొదలూ చివరా విన్నాను. తర్వాతే బొమ్మల దగ్గరికి వెళ్లాను. వెనక నుంచి మా కోడలు, "పేరు ఎరుకలేని ఫోల్డర్లు ముట్టుకోకుండ్రి అత్తమ్మా, మొత్తం మిషినే బంద్ పడ్తది," అని హెచ్చరించింది, వాటి జోలికి పోలేదు.

మనసులో దండం పెట్టుకుని, ఉద్వాసన చెప్పి, బొమ్మలూ వీడియోలూ అన్నీ తీసేశాను. ఎర్ర గీత కదల్లేదు! అవి ఇంకా తెర మూలనున్న బుట్టలోనే ఉన్నాయని, బుట్ట ఖాళీ చేస్తేనే చోటు వస్తుందని కోడలు చెప్పింది. ఉద్వాసన చెప్పి నిమజ్జనం మరిచానన్నమాట. ఖాళీ చేసే ముందు బుట్టంతా ఒకసారి కలియజూశాను. మంచిపనే చేశాను, బావగారి పారాయణం ఒకటి హారతులతో కలిసి అందులో పడి ఉంది. దాన్ని బయటికి తీసి, అప్పుడు నొక్కాను. గీత నీలంగా మారింది. సాయంత్రం సమాప్తి చదివాను, రికార్డయింది, నర్సు దాన్ని ఆయన చెవి దగ్గర పెట్టి వినిపించిందట.

నెల తర్వాత బావగారు ఇల్లు చేరారు గాని గొంతు చేరలేదు. గుసగుస మాత్రమే మిగిలింది. ఆ గుసగుసతో నాతో అన్న మొదటి మాట, "రెండు చోట్ల తప్పు సదివినవమ్మా."

ఇప్పుడు మండలి తలుపులు తెరిచే ఉన్నాయి. వెనకటి రోజుల్లో గోడకు ఒక్క పటం ఉండేది, దాని ముందు కూర్చోవడానికి చాప చాలేది కాదు. ఈ రోజుల్లో తెల్లారేసరికి ప్రతి ఇంటి నుంచీ ఒక బొమ్మ వస్తుంది, ఫోన్లు నిండితే అవి మళ్లీ ఈ లాప్‌టాప్‌లోకే చేరతాయి, శనివారం నాడు చాప సగం ఖాళీగా ఉంటుంది. నేను కొత్త భాగం చదివాక, బావగారి పాత పారాయణం ఒకటి లాప్‌టాప్‌లో పెడతాను. మిషన్ పారాయణం ఏందని మా మరిది ఇంకా గొణుగుతూనే ఉంటాడు. బావగారు ముందు వరుసలో కూర్చుని తన గొంతు తాను వింటారు, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతూ, ఆగాల్సిన చోట ఆగుతూ.

ఆ గొంతుకు చోటు కావాలి. ఈ పొద్దున కూడా బొమ్మలన్నిటికీ దండం పెట్టి, ఉద్వాసన చెప్పి, బుట్ట ఒకసారి వెతికి, ఖాళీ చేశాను.