లచ్చి పంపిన తాళంచెవి

టీవీలో దయ్యాల సినిమా వస్తే మా ఇంట్లో అందరూ దుప్పట్లు కప్పుకుంటారు. నేను మాత్రం మిక్చర్ తింటూ తప్పులు వెతుకుతాను. దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. అర్థం కానిదల్లా మెషిన్ తన పనంతా రాసుకునే లాగ్ ఫైల్ చదవడానికి బద్ధకించేవాళ్ల కల్పన అని నా గట్టి అభిప్రాయం. అది ఇప్పటికీ మారలేదు. అయినా దసరా రోజు మా ఆఫీసులో జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేనుండేది కొంపల్లిలో. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని చూస్తాను. కోళ్లకు వేసే టీకాలు అక్కడ నిల్వ ఉంటాయి. రావల్కోల్ వైపు ఫారాలన్నిటికీ మా గదుల్లోంచే వెళ్తాయి. వాటికి చల్లదనం తప్పితే ఇక పారబోయడమే.

నాతోపాటు పనిచేసేది షబానా. శామీర్‌పేట పక్క పల్లె అమ్మాయి, మంచి చురుకైన ఇంజినీరు. కాంట్రాక్టు ఉద్యోగం. దసరా వెళ్లగానే పర్మనెంట్ చేస్తామని మాట ఇచ్చారు. ఇంట్లో అందరికీ ఆమె జీతమే ఆధారం.

మా ఇద్దరికీ పని నేర్పింది నర్సన్న. ఉగాది తర్వాత గుండెపోటుతో పోయాడు. చల్లగదులను నడిపే మెషిన్, అంటే కంప్యూటర్, ఆయన పెట్టిందే. ఆయుధ పూజకు మేం ఆఫీసులో మెషిన్లన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండలు వేస్తాం. పూజ జరిగే ఆ కాసేపు పనిముట్టుకు పని చెప్పకూడదని మావాళ్ల పట్టింపు. నర్సన్న మాత్రం ఆ ఒక్క మెషిన్‌ను ఆపనిచ్చేవాడు కాదు. నడుస్తుండగానే బొట్టు పెట్టేవాడు. ఎందుకని మాలో ఎవరమూ అడగలేదు.

మొన్నటిది ఆయన లేని మొదటి దసరా. మేనేజర్ గారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడి, "గదొక్కటి ఎందుకు నడుస్తాంది? బంద్ చెయ్యమ్మా" అన్నారు. షబానా బంద్ చేసింది. పూజ బ్రహ్మాండంగా జరిగింది. మళ్లీ ఆన్ చేస్తే మెషిన్ లేచింది కానీ, చల్లగదుల్లో కంప్రెసర్లను నడిపే కంట్రోలర్లు దాన్ని లోపలికి రానివ్వలేదు.

ఒక మెషిన్ ఇంకో మెషిన్‌లోకి వెళ్లాలంటే ఎస్ఎస్‌హెచ్ కీ కావాలి. పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి అది, చిన్న ఫైల్. నర్సన్న దాన్ని ఆ మెషిన్‌లో ఫైల్‌గా పెట్టలేదు. తన డెస్క్ మీది మెషిన్ నుంచి తెచ్చి, దీని మెమరీలో మాత్రం ఎక్కించాడు. ఆపనంతకాలం అది అందులో ఉంది. ఆపగానే పోయింది. ఆయన ఎందుకు ఆపనిచ్చేవాడు కాదో నాకు అప్పుడు తెలిసింది.

కంప్రెసర్లు ఆగిపోయి ఉన్నాయి. నర్సన్న పెట్టిన మెషిన్ చెప్పందే అవి కదలవు. కంట్రోలర్లు బిగించిన మెకానిక్ పండక్కి ఊరెళ్లాడు, ఫోన్ స్విచాఫ్. బయట ఎండ మండిపోతోంది. గదిలో వేడి చూపే మీటర్ ముల్లు మెల్లగా పైకి పాకుతోంది.

మేనేజర్ గారు ఒక్కసారి లోపలికి తొంగిచూసి, "మాల్ ఖరాబైతే రిపోర్టుల ఎవరు బంద్ జేసిన్రో రాయాలె మరి" అని వెళ్లిపోయారు. బంద్ చెయ్యమన్నది ఎవరో ఆయనకు గుర్తే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

షబానా కుర్చీలో కూలబడింది. "అన్నా, ఇగ నా నౌకరి పోయినట్టే. ఇంట్ల ఏమని చెప్పాలె?"

"గట్లెందుకంటవ్ చెల్లె, ఒక్కటి చూద్దాం ఆగు" అన్నాను.

నాకున్నది ఒకటే ఆశ. వానాకాలంలో కంపెనీ ఒక కీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొన్నది. అది ఆఫీసులోని మెషిన్లన్నీ జల్లెడపట్టి, ఎక్కడ ఏ కీ దొరికినా ఒక నకలు దాచుకుంటుంది. మనం పేరుపెట్టి అజమాయిషీలోకి తెచ్చుకున్న కీలు తెరమీద కనిపిస్తాయి. ఎవరివో తెలియని అనాథ కీలు మాత్రం కనిపించవు; నర్సన్న కీ నకలు ఉంటే వాటిలోనే ఉండాలి. వాటిని ఏపీఐ ద్వారానే, అంటే చిన్న ప్రోగ్రాం రాసే అడగాలి. రాశాను. అజమాయిషీలో లేని కీలన్నీ ఇమ్మని అడిగాను.

జవాబు ఖాళీగా వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి లేదు.

షబానా కళ్లు తుడుచుకుని నా పక్కకు వచ్చి నిలబడింది. "ఇంకొక్కపారి అడుగన్నా."

అదే ప్రోగ్రాం. ఒక్క అక్షరం మార్చలేదు. మళ్లీ నడిపాను. ఈసారి ఒక కీ వచ్చింది.

దాని కింద రెండు వివరాలున్నాయి. దొరికిన తేదీ: ఆ రోజుదే. దొరికిన మెషిన్ పేరు: లచ్చి.

షబానా నా భుజం గట్టిగా పట్టుకుంది. లచ్చి నర్సన్న ఇంట్లో బర్రె పేరు. ఆయన దాని పేరే ముచ్చటగా తన డెస్క్ మెషిన్‌కు పెట్టుకున్నాడు. ఆయన పోయాక ఆ మెషిన్‌ను తుక్కుకు అమ్మేశాం. అమ్మేముందు కంపెనీ రూలు ప్రకారం దాని డిస్కుకు డ్రిల్‌తో తూట్లు పొడిచారు. పక్కన నిలబడి చూసింది నేనే. ఈ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వచ్చింది ఆ తర్వాతే.

ఆలోచించే తీరిక లేదు. కీ ఎక్కించి ఆదేశం పంపాను. క్షణం పాటు ఏమీ లేదు. తర్వాత గోడ అవతల మొదటి కంప్రెసర్ గుర్రుమంది. దాని వెనకే మిగతావీ అందుకున్నాయి.

షబానా అరిచిన అరుపుకు గేటు దగ్గర సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. నేను కుర్చీ తన్నేసి గంతులేశాను, ఈ వయసులో. హమాలీలు ఏం జరిగిందో తెలియకుండానే ఈలలు వేశారు. మేనేజర్ గారు లడ్డూలు పంచారు. నేను రెండు లాక్కున్నాను. టీకాలు పాడయ్యే గీత దాటకుండానే ముల్లు వెనక్కి తిరిగింది. మర్నాడు టీకాల వ్యాన్లు ఎప్పటిలాగే కదిలాయి. అంత సంతోషం నాకు సొంత ఇల్లు కొన్నప్పుడు కూడా కలగలేదు.

తర్వాత నా పద్ధతిలో నేను వెతికాను. నెట్‌వర్క్‌లో లచ్చి అనే మెషిన్ లేదు. సాఫ్ట్‌వేర్ లాగ్ తెరిస్తే నేను అడిగిన రెండుసార్లూ ఖాళీ జవాబే ఇచ్చినట్టు ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను అడిగితే వాళ్లూ తల గోక్కున్నారు. కీ మాత్రం నా దగ్గర నిక్షేపంగా ఉంది, పని చేస్తోంది. నేను ఇన్నాళ్లూ వెక్కిరించినవాళ్ల మొహాలన్నీ గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది కూడా.

షబానాకు పర్మనెంట్ ఆర్డరు వచ్చిన రోజు ఆ కీని అజమాయిషీలోకి తెచ్చే పని ఆమెకే అప్పజెప్పాను. అందుకు సొంతదారు ఎవరో రాయాలి. ఉద్యోగంలో లేనివాళ్ల పేరు రాస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెట్టి తిప్పికొడుతుంది. అది తెలిసీ ఆమె నర్సన్న పేరే కొట్టింది. నేను వద్దనలేదు.

సాఫ్ట్‌వేర్ ఆ పేరు తీసుకుంది. ఎందుకు తీసుకుందో నాకు తెలియదు. ఆయన పేరు జీతాల పట్టీ నుంచి ఎప్పుడో తీసేశారని నేనే వెళ్లి చూసుకొచ్చాను.

"చూసినవా అన్నా," అంది షబానా, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ. "నర్సన్న ఇంక డ్యూటీ దిగలే."