మామ పేజీలో చిన్న దిద్దుబాటు

మిర్యాలగూడ బస్టాండులో కిటికీలోంచి చేతిరుమాలు వేస్తే ఆ సీటు మనదేనన్న చట్టం ఇప్పుడు రద్దయినట్టుంది. మొన్న నేను ఎక్కేసరికి ఒకాయన నా రుమాలుతోనే సీటు దుమ్ము తుడుచుకుని కూర్చున్నాడు. దాన్ని మడతపెట్టి నా చేతికిచ్చాడు. మర్యాదస్తుడే.

నేను సూర్యాపేటలో ఉంటూ ప్రోగ్రాములు రాస్తాను. జీతం దానికే వస్తుంది. జీతం రాని పని నా సొంత వెబ్‌సైట్. వికీ అంటే ఏమిటి, ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి, అందరూ కలిసి రాసుకుంటే ఎంత బాగుంటుంది అని అందులో చాలా ఏళ్లుగా బోధిస్తున్నాను. చదివేవాళ్లు తక్కువ కాబట్టి గొడవలూ రాలేదు. చివరికి చేసి చూపిద్దామని అక్కడే ఒక వికీ తెరిచాను. మోటార్లు బాగుచేసేవాళ్లు, గొర్లకు మందు పోసేవాళ్లు, టెంట్లు వేసేవాళ్లు, ఇట్లా మా చుట్టుపక్కల పనివాళ్లకు తలా ఒక పేజీ. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. రుజువు లేని మాట మాత్రం ఉండకూడదు. ఆ షరతు పెట్టింది నేనే.

మొదటి పేజీ మా మేనమామది. మోతెలో ఉంటాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డ చోట దాన్నే కొట్టి బోరు వేయాలి. నీళ్లు పడితే మామ గొప్ప, పడకపోతే బోరు బండివాడి తప్పు. శాస్త్రం సంగతి నన్నడగొద్దు. ఎండాకాలంలో వచ్చే ఆ పిలుపులతోనే వాళ్లిల్లు ఏడాదంతా నడుస్తుంది.

ఫోటో అడిగితే మామ తనకు సన్మానం చేసినప్పటిది ఇచ్చాడు. మెడలో గులాబీల దండ. పక్కనున్న పెద్దమనుషులను కత్తిరించాను, వెనక నీలం రంగు పూశాను, చుట్టూ సన్నటి అంచు కట్టాను. చూడముచ్చటగా వచ్చింది. మన దగ్గర దండ వేసుకుని, నీలం రంగు ముందు ఒంటరిగా నవ్వేవాళ్లు ఎవరో నాకు ఆ పూట తట్టలేదు.

ఎవరో మంచి మనిషి ఆ ఫోటో చూసి నొచ్చుకుని, మామ పేరు ముందు ‘కీర్తిశేషులు’ చేర్చాడు. ఇంకెవరో ‘వారి ఆత్మకు శాంతి కలగాలి’ అని కింద రాశారు. ఏ పేజీ దిద్దినా నాకు కబురు వచ్చే ఏర్పాటుంది. వచ్చింది కూడా: ‘చిన్న దిద్దుబాటు.’ చిన్నదే కదా అని తెరవలేదు.

ఎండలు ముదిరాక మామ ఫోన్ చేశాడు.

“అల్లుడా, నేనెప్పుడు సచ్చిన్రా?”

“ఎవరన్నరు మామా?”

“పాలకీడు నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. మీ నాయిన పోయిండట గద, బోరు పాయింట్ సూసేటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా అని. అరే, నేనే మాట్లాడుతున్న భాయ్ అంటే, సచ్చినోడి పేరు చెప్పుకొని బతకకు తమ్మీ అన్నడు. నన్ను పట్టుకొని తమ్మీ అన్నడు, జర సూడు!”

ఫోన్ పెట్టేలోపే పేజీ సరిచేశాను. మామ మళ్లీ బతికాడు, నా సైటు వరకు. కానీ అప్పటికే బోరు బండ్ల ఏజెంట్ల సైటు ఒకటి నా పేజీలన్నీ ఎత్తుకెళ్లి పెట్టుకుంది. అక్కడ చదివేవాళ్లు నిజంగానే ఉన్నారు. మార్చమని రాస్తే మర్యాదగా జవాబిచ్చారు: మీ లైసెన్సు ప్రకారమే కాపీ చేశాం, మీ షరతు ప్రకారమే రుజువు అడుగుతున్నాం.

మనిషి బతికున్నాడని ఏ పేపరూ వార్త వేయదు. మోతె పోయి, మామ చేతికి ఆ రోజు పేపరిచ్చి ఫోటో తీశాను. ఎవరో ఆయన్ని ఎత్తుకుపోయి బేరం పెట్టినట్టు వచ్చింది. ఏజెంట్లు ఒప్పుకున్నారు, మార్చారు. ఫోన్లు మాత్రం రాలేదు.

కోదాడ దగ్గర ఒక రైతు ముందే మామకు మాటిచ్చి ఉన్నాడు. మామను బండి మీద ఎక్కించుకుని పోయాను. మేం చేరేసరికి చేలో బోరు బండి దిగి ఉంది, వేపపుల్లతో చూసే ఇంకొకాయన చూపిన చోట. “ఇదిగోండి, మా మామ. బతికే ఉన్నాడు,” అన్నాను. ఇంతకంటే మంచి పరిచయం అప్పటికి దొరకలేదు.

“తెలుసండీ, మార్చింది కూడా చూశాం,” అన్నాడు రైతు, మాకు మజ్జిగ ఇప్పిస్తూ. “కానీ ఒకసారి పోయారని రాసేసిన మనిషి చేతికి కొబ్బరికాయ ఇచ్చి గంగమ్మను పిలిస్తే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరండీ. మీరేం అనుకోవద్దు.”

మామ ఏమీ అనుకోలేదు. మజ్జిగ తాగి, కొబ్బరికాయ సంచి భుజాన వేసుకుని నా బండెక్కాడు.

మోతెలో మా అత్త వాకిట్లో కూర్చుని ఉంది, మోగుతుందేమోనని ఇంట్లోని ఇంకో ఫోను ఒళ్లో పెట్టుకుని. ఏమైందని అడగలేదు. కాయ పగలకుండా తిరిగొచ్చింది కదా. నేనే ఊరుకోలేక, “అన్ని చోట్లా సరిచేసిన అత్తా. ఇగ ఎవరు సూసినా మామ బతికున్నట్టే ఉంటది,” అన్నాను.

“నువ్వేం రాయనప్పుడు గూడ బతికే ఉండె గద అల్లుడా,” అంది అత్త.